అన్నకు లేని షుగర్

మా అన్నకు మనసు జబ్బు. చొప్పదండిలో ఎవరడిగినా మా అవ్వ మాత్రం షుగర్ అని చెప్పేది. నెలనెలా కరీంనగర్ వెళ్లి నేను తెచ్చే మందులు కూడా షుగర్ మందులే అయ్యేవి. అన్న చర్చిలో ఢోలక్ వాయిస్తాడు. నిజం తెలిస్తే ఆ ఢోలక్ ముందు నుంచి తన కొడుకును లేపేస్తారని అవ్వ భయం. వారమంతా నోరు విప్పని మనిషి ఆదివారం ఆ కాసేపే నలుగురిలో కలుస్తాడు. అదీ పోతే ఇంట్లో మూలకు కూర్చుంటాడని నాకూ తెలుసు.

షుగర్ అన్న పాపానికి ఊరంతా డాక్టర్లయ్యారు. ఒకరు కాకరకాయలు పంపేవారు, ఒకరు మెంతులు. ఎవరింటికి వెళ్లినా అన్నకు చక్కెర లేని చాయే. తీపంటే ప్రాణమిచ్చే మనిషి కిక్కురుమనకుండా తాగేవాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

కోత పండుగ నాడు ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ప్రేమవిందు పెట్టారు. వడ్డిస్తున్న పెద్దమ్మ అందరికీ లడ్డూ వేసి, అన్న దగ్గరికి రాగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీకద్దు బిడ్డా, షుగర్ గదా."

"నాకు షుగర్ లేదు పెద్దమ్మా," అన్నాడు అన్న, మామూలుగానే. "మనసు జబ్బు. దానికే గోలీలు ఏస్కుంటున్న. లడ్డూ ఎయ్యి."

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. అవ్వ తల దించుకుంది. అన్న మాత్రం ఇంకో లడ్డూ కూడా అడిగి వేయించుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

తరువాతి ఆదివారం వెళ్లేసరికి ఢోలక్ ముందు ఇంకొకతను కూర్చుని ఉన్నాడు. అన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. మా పాస్టర్ అయ్యగారు మెల్లగా అవ్వ దగ్గరికి వచ్చారు.

"కొన్ని దినాలు రెస్టు తీస్కోనియ్యమ్మా. పాట నడుమ ఏమన్న అయితే పరేషాన్ గదా."

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. చర్చిలో ఆమె గొంతెత్తగా నేను అంతవరకూ వినలేదు.

"అయ్యగారూ, వీనికి గీ జబ్బు నిన్న మొన్న రాలే. ఇన్నేండ్ల సంది మీరు పాడిన పాటలన్నిటికి వాయించింది గీ జబ్బున్న పిలగాడే. ఎన్నడన్న దరువు తప్పిండా?"

అయ్యగారు వెనక్కి వెళ్లి పాటల పుస్తకం తెరిచారు. ఢోలక్ ముందున్నతను తనంతట తానే లేచి పక్కకు జరిగాడు. అవ్వ గుమ్మం వైపు తిరిగి, "పో బిడ్డా, పాట షురూ చేస్తున్నరు," అంది.