ఆదోనిలో అద్దాల మీద అద్దాలు

ఎమ్మిగనూరులో ఎనిమిదింటి ఆదోని బస్సు ఎక్కేసరికే కిటికీ సీటు సునీతది అయిపోయింది. సునీత మా పిన్ని కూతురు. దాని కళ్ళకు అద్దాలు అక్కర్లేదు. నాకు ఏడో తరగతి నుంచీ ఉన్నాయి.

ఆదోనిలో ఒక పాత పత్తి గోడౌనులో ఎయిర్ రైఫిల్ నేర్పుతారు. ఇద్దరం చేరాం. పోయిన ఆదివారం సునీత కాల్చింది, నన్ను మాత్రం నేర్పే రఫీ సార్ బెంచీ మీద కూర్చోబెట్టారు. చూపు అద్దాలు రక్షణ కావట, పక్కలు కూడా మూసే గట్టి గాగుల్స్ కావాలట. ఈ వారం కూడా లేకుంటే నా చోటు, ఖాళీ కోసం కాచుకుని ఉన్న ఆలూరు అమ్మాయికి ఇస్తారట.

బస్సులో ఒక అవ్వ అడిగింది.

"యాడికి పోతాండారు పాపా?"

"తుపాకి కాల్చనీకె అవ్వా!" అంది సునీత.

"నువ్వు కాలుస్తావులే. ఈయమ్మి సంచి మోసేకి వస్తాందా?"

బస్సంతా నవ్వింది. నేను పుస్తకంలో తల దూర్చాను.

తొమ్మిదింబావుకు దిగి, బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని కళ్ళద్దాల షాపుకు వెళ్ళాం.

"నీ నంబరుతోనే గట్టి అద్దాలు చేయాల్నంటే పదినాళ్ళు పడ్తాదమ్మా. ఇప్పుడే కావాలంటే నీ అద్దాల మీదనే ఏసుకునేవి ఉండాయి," అన్నాడు షాపతను.

షాపు నిండా జనం. అద్దం ముందు నిలబడడానికి సిగ్గేసింది. సునీత ఆ గాగుల్స్ లాక్కుని పెట్టుకుంది. "మస్తుగుండాయి పాపా," అన్నాడతను. దానికి నప్పాయని నేను కొన్నాను.

పదకొండింటికి గోడౌనులో పెట్టుకుంటే అవి నా కళ్ళద్దాల మీద కూర్చోలేదు. సునీత పక్కన అందంగా కనబడాలని ఉగాదికి కొన్న పెద్ద గుండ్రటి ఫ్రేమ్ నాది. చెంప దగ్గర వేలు దూరేంత సందు మిగిలింది.

"గురి ఎనకుండే ఇనుప పలకకు తగిలి సీసం తునక ఎగిరొచ్చి ఈ సందులో దూరితే మీ నాయనకు నేనేం సెప్పల్ల?" అన్నారు సార్.

"నీ అద్దాలు తీసేసి ఏసుకో అక్కా," అంది సునీత. తీసి చూశాను. గురి కాగితం గోడలో కలిసిపోయింది. ఆలూరు అమ్మాయి అప్పటికే బెంచీ మీంచి లేచింది.

నా సంచి అడుగున ఇంటర్ నాటి చిన్న కళ్ళద్దాలున్నాయి, ఎవరి ముందూ పెట్టుకోనివి. తీసి పెట్టుకున్నాను. వాటి మీద గాగుల్స్ చుట్టూ సందు లేకుండా అతుక్కున్నాయి.

"పాత నంబరు సార్. కాగితం కొంచెం మసకగా ఉంది."

"తుపాకి కొసనుండే గురి ముల్లు సక్కగ కనపడ్తాంది గదా? సాలు. కానీయ్."

"అక్కా, అచ్చం కప్ప మాదిరుండావు!" సునీత ఫోటో తీసింది.

ఊపిరికి అద్దం మసకేసింది. ఆగి, తుడుచుకుని కాల్చాను. పది గుండ్లలో ఒక్కటి నల్ల చుక్కలో పడింది. సునీతవి ఏడు. పోయిన వారం నేను కూర్చున్న బెంచీ మీద ఇప్పుడు ఆలూరు అమ్మాయి కూర్చుంది. సార్ నన్ను వచ్చే ఆదివారం రమ్మన్నారు.

మీకు కళ్ళద్దాలుండి ఈ ఆటకు వెళితే, గాగుల్స్ మీ అద్దాల మీదే పెట్టి, తల వంచి, చెంప దగ్గర వేలు దూరదని చూసుకుని కొనండి. ఇంకొకరి ముఖం చూసి కొనకండి.

నాలుగింటి బస్సులో సునీత నా భుజం మీద నిద్రపోయింది. కిటికీ అద్దంలో నా ముక్కు మీద రెండు జతల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. దాని ముక్కు మీద ఒక్క గీత కూడా లేదు. ఎమ్మిగనూరు వచ్చేదాకా నా గుర్తులనే చూసుకుంటూ ఉన్నాను.