ముత్యాలక్క మాన్పించిన పథ్యం

చేపల పులుసులో మెంతిపొడి పడగానే లేచే వాసనకు నాకు ఇప్పటికీ ముత్యాలక్క గొంతు వినిపిస్తుంది. ఇబ్రహీంపట్నం మార్కెట్లో చేపలు అమ్మేది, మా పక్కింట్లో ఉండేది. నా చదువు మూడో తరగతితోనే ఆగింది. ఆ తర్వాత నాకు బుద్ధి చెప్పిన మనిషి ఆమె.

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేనిదానికి దవాఖాన దండగ అనుకున్నాను. ఒకనాడు చేయి అక్కడికే పోతుంటే ముత్యాలక్క కనిపెట్టింది.

"ఏందే గది?"

"ఏం లేదక్కా. నొప్పి గూడ లేదు."

"నా గడ్డకు గూడ నొప్పి లేకుండె. సిగ్గువడి దాసిన. బొక్కలదాంక పోయినంక దొరికింది. లే, చీర మార్చుకో."

తన జబ్బు అప్పటికే ఎముకల్లోకి పాకినా, నన్ను పట్నం దవాఖానకు తనే తీసుకుపోయింది. పరీక్షల్లో క్యాన్సరని తేలాక, "ఎన్నేండ్లు బతుకుత అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. "అందరికీ ఒకే లెక్క ఉండదమ్మా. నీది తొందరగా దొరికింది, వేరేచోటికి పాకలేదు. ఇక మందు మధ్యలో ఆగకూడదు, ఒంట్లో సత్తువ ఉండాలి," అన్నది.

ఆ చివరి మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. పెద్ద జబ్బుకు పెద్ద పథ్యం ఉండాలనుకున్నాం. గుడ్డు వేడి, చేప చీము, పప్పు వాతం అంటూ ఒక్కొక్కటే మానేసి చారు మెతుకుల మీదికి వచ్చాను. తక్కువతో సర్దుకోవడం నాకు అలవాటే కాబట్టి కష్టమనిపించలేదు. తీరా మందెక్కించే రెండో సూదికి పోతే, రక్తం తగ్గింది, ఇప్పుడు ఇవ్వలేమని తిప్పి పంపారు. సాయంత్రం ముత్యాలక్క కొర్రమట్ట చేప పులుసు గిన్నెతో వచ్చింది.

"పథ్యమక్కా," అన్నాను.

"పథ్యం రోగానికి పెట్టవే, నీకు గాదు! నువ్వు ఎండుతున్నవ్, అది బలుస్తున్నది. ఒంటి మీదనా నీ పొదుపు?"

కోపంతోనే తిన్నాను. పక్కన కూర్చుని ముళ్లు తీసి పెట్టింది. నువ్వు కూడా తినమంటే తల అడ్డంగా ఊపింది. "నాకు ముద్ద దిగుతలేదే. నువ్వు తినంగ చూస్త."

సూదులు మళ్లీ మొదలయ్యాయి. అవి పూర్తయ్యేలోపే ఆమె పోయింది.

చేపే నన్ను బతికించిందని నేను అనను. జబ్బు ముందే దొరికింది, మందు పూర్తిగా పడింది, ఒళ్లు తట్టుకుంది అంటుంది డాక్టరమ్మ. ఆ ప్రతి మాట వెనుకా నాకు ముత్యాలక్కే కనిపిస్తుంది. ఇప్పుడు మా వాడలో ఏ ఆడమనిషైనా గడ్డ ఉంది కానీ నొప్పి లేదు అంటే, నేను ఎక్కువ మాట్లాడను.

"లే, చీర మార్చుకో," అంటాను.