టెంపోలో మంచం

మా ఆయన టెంపోలో మంచం వేయిస్తున్నాడని తెలిసిన రోజు మా గల్లీలో ఎవరికీ వంట మీద ధ్యాస లేదు. సూరత్‌లో మేముండే ఆ గల్లీలో సగం మంది మా జిల్లా వాళ్లే, మగ్గాల మీద పనిచేసేవాళ్లు. ఒక్కొక్కరే వచ్చి టెంపోలోకి తొంగి చూసి, తర్వాత నా వైపు జాలిగా చూసి పోయారు. నాతో గొడవపడి ఆయన కాపురం బండిలోకి మారుస్తున్నాడనుకున్నారట.

ఆ బండి పుట్టిందే బట్టలు మోయడానికి. సూరత్ పక్కనున్న జోల్వాలో మరమగ్గాల మీద నేసిన బట్టను మిల్లులకు చేర్చాలి, మిల్లుల్లో అద్దకమై వచ్చిన చీరలను రింగ్ రోడ్ మార్కెట్లకు చేర్చాలి. మా పెళ్లయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా ఆయన పని అదే. నేను ఇంట్లో సకినాలు, గర్జెలు చేసి అమ్ముతాను. మా ఇద్దరిలో ఎవరికీ సెలవు అనే మాట అలవాటు లేదు.

మంచం గోలకు కారణం మాత్రం నేనే. నాకో కోరిక ఉండేది. ఎవరూ మా కోసం ఎదురుచూడని ఊరికి ఒక్కసారి పోవాలని. పెళ్లయ్యాక సూరత్ దాటి పోయిన ప్రతి ప్రయాణమూ ఎవరిదో పెళ్లికో, ఎవరిదో దినానికో. రైలు దిగీదిగగానే "ఎప్పుడొచ్చిన్రు?" అంటారు. కూర్చోకముందే "ఎప్పుడు పోతరు?" అంటారు. మధ్యలో నేను లావయ్యానో చిక్కానో వాళ్లే తేల్చేస్తారు. ఆ తర్వాత తరగమని ఉల్లిగడ్డల బుట్ట నా ముందుకు వస్తుంది. అలా పోయి వచ్చిన ప్రతిసారీ నాకు ఇంకో నాలుగు రోజులు ఎక్కడికైనా పోయి పడుకోవాలనిపించేది.

సముద్రం ఉన్న ఊరైతే ఇంకా బాగుంటుందని మా ఆయనతో అన్నాను. "డుమస్ పోదాం తియ్యి, గాడ గూడ సముద్రమే గద," అన్నాడు. ఆదివారం డుమస్ పోతే మా గల్లీ మొత్తం అక్కడే భజ్జీలు తింటూ కనిపిస్తుంది. పోనీ ద్వారక అన్నాడు. అక్కడ దేవుడు ఎదురుచూస్తాడు, మొక్కులుంటాయి, కుదరదన్నాను. చివరికి, నా దగ్గర సకినాలు కొనే ఒకావిడ ఫోన్‌లో చూపించిన మాధవ్‌పూర్ ఖాయమైంది. రోడ్డు, దాని పక్కనే సముద్రం. అక్కడ మాకు చుట్టాలు లేరు, ఆయనకు తెలిసిన మార్కెట్ లేదు.

"హోటల్ రూములు ఎందుకే? బండినే ఇల్లు జేస్త, సూడు," అన్నాడు.

మా ఆయనకు ఒక పని తలకెక్కితే అంత త్వరగా దిగదు. మోకాలెత్తు మంచం కొట్టించాడు. ట్యాపున్న నీళ్ల క్యాను, బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాను, దోమతెర పెట్టాడు. టీ గిన్నెకు ఒక కొక్కెం, గరిటెకు ఒక కొక్కెం బిగించి, ఊపు తగ్గక ఇంకో అరడజను బిగించాడు. అవి ఎందుకని అడిగితే "ఉండనీ" అన్నాడు. సలాబత్‌పురా బట్టల బజారులో ఎవరో పక్కన పడేసిన, అచ్చు తప్పిన చీరలు తెచ్చి కర్టెన్లు కుట్టమన్నాడు. వాటి మీద నెమళ్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. పాలిస్టర్ కావడంతో గాలి వీచినప్పుడల్లా ఆ నెమళ్లు వచ్చి నా జుట్టుకు అతుక్కునేవి. కర్టెన్ పక్కనే స్టవ్ పెట్టబోతుంటే, "ఇద్దరం ఒక్కసారే కాలిపోతమయ్యా" అని అరిచి మాన్పించాను.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చాక ఆయన ఆ బండిలో సుత్తి పట్టుకుని కూనిరాగం తీస్తుంటే నాకు చాలా ముచ్చటేసేది. నా కోసం ఆయన ఏదైనా చేస్తుండగా చూడటం అదే మొదటిసారి.

సామాను సర్దే పని మాత్రం నాకు ఇవ్వలేదు. "ఇరవై రెండేండ్ల సంది లోడింగ్ జేస్తున్న. నాకే నేర్పుతవా?" అన్నాడు. తెల్లవారుజామున బయల్దేరబోతూ కర్టెన్ తీసి చూస్తే, మోకాలెత్తు మంచం నా ఛాతీ ఎత్తుకు వచ్చింది. ఎక్కి కూర్చోబోయాను. తల బండి కప్పుకు ఠంగున తగిలింది. వంగి కింద చూశాను. మంచం కింద, గోడ నుంచి గోడ దాకా చీరల పార్సిళ్లు.

"ఏందయ్యా ఇది?"

"రాజ్‌కోట్ సేఠ్‌వి. తోవలనే గదనే, ఇట్ల దించి అట్ల పోవుడే." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఖాళీ గాడీ గుంతలల్ల ఎగురుతది. నీ నడుం కోసమే ఏసిన."

టెంపో నడిపేవాళ్లకు ఇది ఒక జబ్బు. ఖాళీ బండితో రోడ్డెక్కడమంటే వాళ్లకు చొక్కా లేకుండా పెళ్లికి పోయినట్టు. పోయేటప్పుడు లోడు ఉండాలి, వచ్చేటప్పుడూ ఉండాలి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఈ ఒక్కసారి బండినే ఇల్లు చేస్తానన్నాడు కదా. నాకు ఎంత కోపం వచ్చిందంటే, తిట్టబుద్ధి కూడా కాలేదు. మాట్లాడటం మానేసి క్యాబిన్‌లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

భరూచ్ దాటాక టీ కోసం ఆపాడు. పార్సిళ్లు ఎలా కడతాడో మా వంటసామానూ అలాగే కట్టాడు. బరువైనవి క్యాబిన్ వైపు లోపలికి తోసి, మీద టార్పాలిన్ కప్పి, అడ్డంగా నిలువుగా తాళ్లు బిగించాడు. స్టవ్వు, గ్యాసు బుడ్డి బరువు కాబట్టి అన్నిటికంటే లోపలున్నాయి. అరగంట సేపు ముడులు విప్పి, చెమటలు తుడుచుకుని, చివరికి ఎదురుగా ఉన్న హోటల్ నుంచి రెండు టీలు తెచ్చాడు. నాకు నవ్వు ముంచుకొచ్చింది. కోపంలో ఉన్నాను కాబట్టి టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అక్కడి నుంచి గంటకోసారి రాజ్‌కోట్ సేఠ్ ఫోన్. ఎక్కడి దాకా వచ్చారు, ఇంకెంత సేపు, మధ్యలో తినడానికి ఆగారా, ఎందుకు ఆగారు. మా అత్తగారు కూడా ఎన్నడూ నా కోసం అంతగా ఎదురుచూడలేదు. ఎవరూ ఎదురుచూడని ఊరికి పోదామని బయల్దేరిన నా బతుకు అలా ఉంది.

సాయంత్రం నాలుగింటికి రాజ్‌కోట్ చేరాం. సేఠ్ గోదాము ముందు పార్సిళ్లు దించారు. మంచం మళ్లీ మోకాలెత్తుకు దిగింది. ఎక్కి కూర్చున్నాను, హాయిగా ఉంది. అప్పుడే బయట సేఠ్ గుజరాతీలో అంటున్నది వినబడింది. మోటారు సామాను ఉంది, రేపు పొద్దునకల్లా సూరత్‌లో ఉండాలి, నీ బండి ఎలాగూ ఖాళీయే కదా అని.

నేను నా బట్టల సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ సామాను గనక బండి ఎక్కితే నేను దిగి రైలుకు పోతాను. తిరిగి ఇంటికి కాదు, మాధవ్‌పూర్‌కే, రైలు లేకపోతే బస్సుకు. జీవితంలో ఒంటరిగా బస్సెక్కి ఎరగను. భయమేసింది. అయినా సంచి వదల్లేదు.

మా ఆయన కర్టెన్ జరిపి, అలవాటు కొద్దీ జానలతో ఖాళీ జాగా కొలవడం మొదలుపెట్టాడు. గోడ నుంచి కొలుస్తూ కొలుస్తూ వచ్చి నా మోకాలి దగ్గర ఆగాడు.

"సంచి ఎందుకు వట్టుకున్నవ్?"

"దిగేటందుకు."

సూరత్‌లో బయల్దేరాక నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆయన నన్ను చూశాడు, సంచిని చూశాడు. కొలిచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని దిగిపోయాడు.

బయట ఆయన గొంతు వినబడింది. "నై సేఠ్. గాడీ నిండింది," అని హిందీలో చెప్పాడు.

సేఠ్‌కు అర్థం కాలేదు. స్వయంగా వచ్చి కర్టెన్ ఎత్తి చూశాడు. తలకిందుల నెమళ్లు, అరడజను ఖాళీ కొక్కేలు, మంచం మీద సంచితో నేను. ఏమనుకున్నాడో మరి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సంచిలోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాను.

ఆ రాత్రి ఒక పెట్రోల్ బంకులో ఆపుకుని పడుకున్నాం. మర్నాడు పొద్దున ఖాళీ బండి నడపడం మా ఆయనకు పెద్ద పరీక్షే అయింది. ప్రతి గుంతకూ గిన్నెలు మోగుతుంటే మొహం చిట్లించి వెనక్కి చూసేవాడు. నేను మాత్రం పోరుబందర్ వచ్చే దాకా ఆపకుండా మాట్లాడాను, నిన్నటి బాకీతో కలిపి.

మధ్యాహ్నానికి మాధవ్‌పూర్ దగ్గర, చక్రాలు దిగబడకుండా గట్టి నేల చూసి ఆపాడు. ఊరికే ఆపితే ఆయనెందుకవుతాడు? గోదాముకు పెట్టినట్టు బండి వెనక భాగం సముద్రం వైపు పెట్టాలన్నాడు. నేను దిగి, బండి రేకు మీద చేత్తో కొడుతూ "ఆనేదో, ఆనేదో" అని, వెనక్కి రానిమ్మంటూ అరిచాను. వెనక తలుపు కిందికి దించాడు. మంచం ముందర, ఇంకేమీ అడ్డం లేకుండా, సముద్రం.

మా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎప్పుడొచ్చారని ఎవరూ అడగలేదు. నేను మంచం మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను.

మా ఆయన తాళ్లు చుట్టి పెట్టాడు, నీళ్ల క్యాను చూశాడు, చక్రాలు నాలుగూ కాలితో తన్ని చూశాడు. తర్వాత నా పక్కకు వచ్చి నిలబడి, ఏం తోచక చేతులు దులుపుకున్నాడు.

"ఇగ ఏం పని?" అన్నాడు.

"ఏం లేదు," అన్నాను. ఆయనతో ఆ మాట అనడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది.