పోయస్త బిడ్డా

మా పెద్దబాపుకు కోరుట్లలో టాంగా ఉండేది. ఇంట్లో చెప్పకుండా బయటికి పోవడం ఆయన అలవాటు. మనం మాట్లాడుతూనే ఉంటాం, చూస్తే గుమ్మంలో చెప్పులుండవు.

తెలంగాణ ఉద్యమం రాజుకున్న ఏడాది ముసలి గుర్రం చచ్చిపోతే, గంభీరావుపేట నుంచి ఓ ఆడ గుర్రప్పిల్లను తెచ్చాడు. అది వాగు ఒడ్డు పచ్చికలో పెరిగింది, నెత్తిన కప్పు ఎరగదు. కొట్టంలో కట్టగానే గోడలను తన్నింది, తాడు తెంపింది. పెద్దబాపు దాని మెడ నిమిరి, "పోయస్త బిడ్డా" అని బయటికొచ్చి బీడీ వెలిగించేవాడు. అది ఆరకముందే మళ్ళీ లోపలికి పోయేవాడు. రోజురోజుకూ కాస్త ఆలస్యం చేసేవాడు. పోయిన మనిషి వస్తాడని దానికి నమ్మకం కుదిరాకే తలుపు మూశాడు.

పెద్దమ్మకు ఒళ్ళు మండేది. "నన్ను జేసుకున్నకాడికెల్లి ఒక్కనాడన్న గట్ల చెప్పిపోయినవా?"

"నువ్వేమన్న తాడు తెంపుకుంటవా ఏంది?" అని నవ్వేవాడు.

ఓ పొద్దున కొట్టంలో ఎప్పటిలాగే "పోయస్త బిడ్డా" వినిపించింది. పచ్చిగడ్డి కోసం పోయాడు. బజారులో ఊరేగింపు మీద లాఠీలు లేచాయి. ఉరికే జనం కాళ్ళ కింద పడిపోయిన పెద్దబాపును మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

దహనం అయ్యాక పెద్దమ్మ కొట్టం తలుపు బార్లా తెరిచి తాడు విప్పింది. "పో, నీ గడ్డికి నువ్వు పో. ఆయన ఇగ రాడు."

గుర్రం కదల్లేదు. సందు వైపు చెవులు నిక్కించి అక్కడే నిలబడింది.

పెద్దమ్మ దాని మెడకు ముఖం ఆనించింది.

"నీకన్న చెప్పిపోయిండు బిడ్డా."