పసుపు పూసిన పెట్టె

నా చిన్నప్పుడు మా చెలకలో పడిందని చెప్పుకునే ఎగిరే పళ్లెం గురించి ఆరా తీస్తూ, నిన్న వీడియోలు తీసే అతనొకడు మా ఊరొచ్చాడు. అతని ఫోన్లో పాత ఫొటో ఉంది. తెల్ల పెట్టె, దాని మీదంతా పసుపు. ఆ పసుపు మా అవ్వ పూసిందే.

వానల్లేక పత్తి మాడిపోతున్న ఏడాది అది. వాన కోసం కప్పతల్లికి పోసినట్టే అవ్వ ఆ పెట్టె మీద బిందెడు నీళ్లు పోసి, "పైనుంచి వచ్చినవు తల్లీ, జర వానను పంపియ్యి" అని మొక్కింది. నేనూ నమ్మాను. దేవరకొండ నుంచి జీపులో వచ్చినవాళ్లు, అది గాలిని కొలిచే బెలూన్ పెట్టె అని ఎత్తుకుపోతుంటే, "వాన పడ్డంక తీస్కపోండ్రి సారూ" అని ఏడుస్తూ వెంటపడ్డాను.

వాన పడలేదు. మా బాపు బొంబాయికి కూలికి పోయాడు.

"పైనుంచి ఎవరన్నా దిగిన్రా అక్కా?" అని నిన్న వచ్చిన ఆ వీడియోలతను అడిగాడు.

"ఎవ్వరూ రాలే తమ్మీ" అన్నాను.

పెట్టె కోసమైతే జీపు వచ్చింది, ఇప్పుడితనూ వచ్చాడు. ఎండిన పత్తిని చూడటానికి ఎవరూ రాలేదు.