మేకు తలపై నిలిచిన గురి

షార్జాలో మన తెలుగువాళ్ళు 'స్కోపుల మూర్తి గారు' అని పిలుచుకునే సత్యనారాయణమూర్తి గారు పరమపదించారన్న వార్త నాకు సజ్జాలోని మా గిడ్డంగి వాకిట్లో తెలిసింది. శుక్రవారం ఉదయం, కొత్తగా వచ్చిన సరుకు దింపించుకుంటున్నాను. ఫోను తెర మీద ఆయన పేరే కనిపించింది. సెలవు రోజున కూడా సరుకు క్షేమం కనుక్కోవడం ఆయనకు అలవాటు కనుక, "సార్, పెట్టెలు మంచిగనే ఉన్నయ్" అంటూనే ఎత్తాను. అవతల ఆయన భార్య సుభద్ర గారు. "శ్రీధర్ గారూ, మీ సారు లేవట్లేదండీ" అన్నారు. ఏదో నేను వచ్చి పిలిస్తే లేస్తారన్నట్టుగా అన్నారు. నేను వెళ్ళేసరికి అంబులెన్సు వాళ్ళు తమ మందుల పెట్టె మూసేస్తున్నారు.

ఆయనను గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగు సంఘం పెద్దలు అడిగారు. సంస్మరణ వ్యాసంలో శోకం ఉండాలి, గౌరవం ఉండాలి. రెండూ ఉన్నాయి నాలో. కానీ వాటికంటే ముందు కోపం ఉంది. దాన్ని దాచి రాస్తే ఆయన బొమ్మ కుదరదు. ఆయన దగ్గర దశాబ్దానికి పైగా పని నేర్చుకున్నవాణ్ణి, ఆ చనువుతో రాస్తున్నాను.

మూర్తి గారిది కాకినాడ. భౌతికశాస్త్రంలో పట్టభద్రులు. హైదరాబాదులో కటకాలు చేసే కర్మాగారంలో కొంతకాలం పనిచేసి, దుబాయ్ వచ్చి, సత్వాలో పదిమందితో ఒక గది పంచుకుని, చివరికి షార్జాలోని మా వేట సామగ్రి దుకాణంలో స్థిరపడ్డారు. తుపాకీ మీద బిగించే చిన్న దుర్భిణిని స్కోపు అంటారు. మా విభాగం అమ్మేది వాటినే. ఈ దేశంలో వేట నిషిద్ధం కనుక ఇక్కడి అరబ్బులు చలికాలానికి ముందు కొండ మేకల కోసం పరదేశాల పర్వతాలకు వెళ్తారు. వెళ్ళేముందు మూర్తి గారి దగ్గరికి వస్తారు. ఆయన పరమ శాకాహారి, జన్మలో తుపాకీ పేల్చినవారు కారు. "ఉల్లిపాయ కూడా తినని మనిషి మేకల్ని చంపించే అద్దాలు అమ్ముతారేంటండీ" అని సుభద్ర గారు మా ముందే ఆటపట్టించేవారు.

దానికి ఆయన నవ్వకుండా జవాబు చెప్పేవారు. "గురి కుదిరితే ఆ మేక ఒక్క క్షణంలో పోతుంది. కుదరకపోతే కుంటుకుంటూ ఏ లోయలోనో పడి మూడు రోజులు చస్తుంది. ఆ పాపంలో స్కోపు అమ్మినవాడికీ వాటా ఉంటుంది" అనేవారు. వినేవాళ్ళు దీన్ని చమత్కారం అనుకునేవారు. ఆయన మాత్రం దాని మీదే తన వృత్తిధర్మాన్ని అంతా కట్టుకున్నారు.

తుపాకీ పేలిన ప్రతిసారీ వెనక్కి తంతుంది. ఆ తన్నుకు స్కోపు లోపలి అద్దం వెంట్రుకవాసి జరిగితే చాలు, దూరాన తూటా జానెడు పక్కకు పోతుంది. కొనేవాళ్ళు ఇది అడగరు. ఎంత పెద్దగా చూపిస్తుందని అడుగుతారు. పెట్టె మీద నంబరు ఎంత పెద్దదైతే అంత మురిసిపోతారు. మూర్తి గారు ఆ పెద్ద నంబర్ల పెట్టెలను పై అరలో, నిచ్చెన వేస్తే గానీ అందని చోట పెట్టించేవారు. "దూరాన్ని దగ్గర చేసేది ఎవడైనా చేస్తాడయ్యా. దెబ్బ తిన్నాక కూడా చూపు మార్చుకోనిదాన్ని వెతుక్కోవాలి" అన్నది నాకు ఆయన మొదటి పాఠం. గొట్టం అతుకులు లేకుండా ఒకే ముక్కగా ఉండాలి, లోపల కదిలే భాగాలు ఎంత తక్కువైతే అంత ఆయుష్షు, మరలు తిప్పితే ప్రతి మెట్టూ వేలికి తెలియాలి. ఇవి తరువాతి పాఠాలు.

ఆయన పరీక్షలు మా దుకాణంలో ఒక వేడుక. ఆగస్టు ఉక్కలో, ఏసీ గదిలోంచి స్కోపును చటుక్కున వీధిలోకి తీసుకుపోయేవారు. బయటి అద్దం కళ్ళజోడులాగే మంచు పట్టేది. రుమాలుతో తుడిచి వెలుగుకేసి చూసేవారు. తుడిచినా పోని మసక ఉంటే అది లోపలిది, అంటే గొట్టంలోకి గాలి దూరుతున్నదన్న మాట. ఆ స్కోపును మారు మాట లేకుండా తిప్పి పంపేసేవారు. మా ముదీర్, అంటే మేనేజరు, లోపలి గాజు తలుపు వెనక నిలబడి తల పట్టుకునేవాడు.

అసలు పరీక్ష మాత్రం ఇనుప దిమ్మది. స్కోపును ఒక దిమ్మ మీద బిగించి, ఆ దిమ్మను వెనక గదిలో కిటికీ దగ్గరి గాడిలో కూర్చోబెట్టేవారు. ఎదుటి గోదాము గోడలో ఒక మేకు ఉంది. స్కోపులో కనిపించే ప్లస్ గుర్తు సరిగ్గా ఆ మేకు తల మీద పడేలా సర్దేవారు. తరువాత దిమ్మను స్కోపుతో సహా ఎత్తుకుపోయి, అద్దాలు బిగించిన తన కారులో ఎండకు వదిలేసేవారు. ఆ పైన భోజనాల గదిలోని ఫ్రీజరులో పెట్టేవారు. అందులో మలయాళీ సహోద్యోగి చేపలు ఉంటాయి కనుక స్కోపుకు రెండు కవర్లు తొడిగి, చేపల కేసి చూడకుండా తలుపు మూసేవారు. చివరికి రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, దిమ్మను మళ్ళీ గాడిలో పెట్టి చూసేవారు. గుర్తు మేకు మీదే ఉందా, పక్కకు జరిగిందా?

ఇక్కడ ఆయనది ఒక నియమం. ముందు చూసినవారు ఏం చూశారో చెప్పకూడదు. పక్కకు జరిగి రెండోవారికి చోటివ్వాలి. ఇద్దరూ చూశాక, ఇద్దరి మాటా కలిస్తేనే స్కోపు నెగ్గినట్టు. "ఒక్కడి కంటికి ఆశ ఉంటుందయ్యా, ఉన్నదాన్ని చూడనివ్వదు" అనేవారు. ఆయన చూసి, ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా పక్కకు జరిగితే, నేను వంగి చూసేవాణ్ణి. కుదిరిందంటే, పని ముగిసిందన్నట్టు "ఖలాస్" అని ఒక్కమాట అని తువ్వాలుతో చేతులు తుడుచుకునేవారు.

ఇంతటి మనిషికి ఛాతీలో బరువు మొదలై చాలా నెలలయింది. లిఫ్టు చెడిన రోజున మెట్ల మలుపులో ఆగిపోయి గోడకు చెయ్యి ఆన్చుకోవడం నేను చూశాను. అడిగితే గ్యాసన్నారు. మన జాతికి గుండె ఉండదు కదా, ఉన్నదంతా గ్యాసే. జీలకర్ర నీళ్ళు తాగారు, పెరుగు మానేశారు, ఎడమవైపు తిరిగి పడుకోవడం మానేశారు. ఆసుపత్రికి తప్ప అన్నిటికీ ఒప్పుకున్నారు. వీధి చివరే ఆసుపత్రి. బీమా కార్డు జేబులోనే ఉంది.

గల్ఫులో ఉన్న మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. పన్ను నొప్పి, కంటి పొర, నడుము, గుండె, అన్నీ మూటగట్టి సెలవు దాకా దాచుకుంటాం. ఊరెళ్ళాక చూపించుకుందాం అంటాం. అక్కడి డాక్టరుకు మన భాష వచ్చు, మన నాయన నాడి కూడా తెలుసు. ఇక్కడి డాక్టరు కంప్యూటరు కేసి చూస్తూ మాట్లాడతాడు. మూర్తి గారి సెలవు జూన్‌లో ఉండగా, వేట సామగ్రి ప్రదర్శన దగ్గర పడుతున్నదని ముదీర్ అడిగితే వాయిదా వేసుకున్నారు. ప్రదర్శన అయ్యాక మరోసారి వాయిదా వేశారు. ఈసారి అబూ రాషిద్ కోసం.

అబూ రాషిద్ మా పాత ఖాతాదారు, పెద్దాయన. నిరుడు ఎవరో చెబితే వేరే చోట పెద్ద నంబరు స్కోపు కొన్నాడు. అక్కడికెళ్ళాక గురి సరిచూసుకుందాం అనుకుని కొండలకు పోయాడు. మేకకు దెబ్బ తగిలింది కానీ పడలేదు. రెండు రోజులు నెత్తురు జాడ పట్టుకుని తిరిగినా దొరకలేదు. ఆ సంగతి చెబుతూ మా దుకాణంలో ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మూర్తి గారు తనకు వచ్చిన హిందీలో, "ఉధర్ జాకే దేఖేగా బోలా తో ఐసాహీ హోతా, బాబా. జానే కే పహ్‌లే దేఖ్నా" అని మెల్లగా మందలించారు. వెళ్ళాక చూసుకుందాం అనకు, వెళ్ళేముందే చూసుకో అని. ఈసారి స్కోపు తానే ఎంచి, పరీక్షించి ఇస్తానని మాటిచ్చారు.

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. ఆ మధ్యాహ్నం వెనక గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"వెళ్ళేముందే చూస్కోవాలె అని ఆయనకు చెప్పిండ్రు కద సార్. మరి మీరేంది, ఊరికి పోయినంక చూపిచ్చుకుంట అంటున్నరు?"

"స్కోపుకి గ్యాసు రాదయ్యా" అని నవ్వేశారు. నేను నవ్వకపోయేసరికి బల్ల మీది తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టారు. తలెత్తకుండానే, "చూపించుకుంటే ఏదో ఒకటి ఉందంటారు. అరవై దాటుతున్నవాడికి గుండె జబ్బంటే కంపెనీ వీసా పొడిగిస్తుందేంటి? కాకినాడ వెళ్ళి ఏం చెయ్యనూ? అక్కడ తుపాకీ స్కోపులు ఎవరు కొంటారూ?" అన్నారు.

గుండె జబ్బుకు వీసా ఆపుతారో లేదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కనుక్కునే ప్రయత్నం కూడా చేయలేదాయన. ఈ దేశం ఉండనివ్వదన్న భయం, సొంత ఊరికి తన విద్యతో పనిలేదన్న బెంగ కలిసి, వీధి చివరి ఆసుపత్రిని ఆయనకు అందనంత దూరం చేశాయి. దూరాలు దగ్గర చేసి అమ్మిన మనిషికి ఇది జరిగింది.

ఆ గురువారం మూర్తి గారు అబూ రాషిద్ కోసం ఎంచిన స్కోపుకు మేకు మీద గురి సర్ది, దిమ్మతో సహా కారులో పెట్టుకుని ఇంటికి వెళ్ళారు. సెలవు రెండు రోజులూ ఎండలో ఉండనిద్దామని నాతో చెప్పారు. మర్నాడు ఉదయం ఇక లేవలేదు.

తరువాతి రోజులు కాగితాలలో గడిచాయి. ఆయన భౌతికకాయం కార్గో విమానంలో వెళ్ళింది. ఊరెళ్ళాక అన్న మాట అలా తీరింది. వెంట వెళ్ళేముందు సుభద్ర గారు కారు తాళాలు నా చేతిలో పెట్టి, "వెనక సీట్లో మీ దుకాణం సామానేదో ఉందండీ. ఆయన నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నారు. తువ్వాలు చుట్టిన దిమ్మ సీటు మీద అలాగే ఉంది. ముట్టుకుంటే చేయి కాలింది.

ఇప్పుడు మా విభాగంలో పరీక్షలు లేవు. తయారుచేసినవాడి గ్యారంటీ కార్డు చాలు, మనం వేరే చూడక్కరలేదు అని ముదీర్ చెప్పాడు. పై అరలోని పెద్ద నంబర్ల పెట్టెలు కిందికి వచ్చాయి. నిచ్చెనను సామాన్ల గదికి పంపేశారు. దిమ్మను పాత ఇనుముకు వేస్తారట. ఆయన ఖాళీ చేసిన చోటికి ఎవరినీ తీసుకోలేదు, తీసుకోరు. ఆయనకు తెలిసినదాంట్లో సగమైనా నాకు వచ్చని నేను అనుకోవడం లేదు. వచ్చిన ఆ కాస్తా అడిగేవాళ్ళు లేరు. మహానుభావుడనీ, తీరని లోటనీ ఇలాంటి వ్యాసాల చివర రాస్తారు. లోటు తీరాలని కోరుకునేవాళ్ళు ఉంటేనే కదా అది తీరేదో తీరనిదో తేలడం.

కిందటి వారం అబూ రాషిద్ వచ్చాడు. "మూర్తీ కిధర్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన స్టూలు మీద కూలబడి, పెదవుల లోపలే ప్రార్థన చేసుకున్నాడు. ప్రార్థన ముగించి, తన స్కోపును మూర్తి పాస్ చేశాడా అని అడిగాడు. పరీక్ష సగంలో ఉండగా పోయారని ఉన్నమాట చెప్పాను. అయితే వద్దన్నాడు. ఈ ఏడాది కొండలకు పోననీ, ఇక ఏ ఏడాదీ పోనేమోననీ చెప్పి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

గురువు గారూ, మీకు ఈ శిష్యుడి సాష్టాంగ నమస్కారం. మీ మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గుతుందని మాటివ్వలేను. మీరు మొదలుపెట్టిన పని ఒకటి మిగిలి ఉండగా దిమ్మను ఇనుముకు పంపబుద్ధి కాలేదు. అబూ రాషిద్ వెళ్ళాక వెనక గదిలోకి పోయాను. స్కోపును రెండు కవర్లలో చుట్టి చేపల పక్కన పెట్టాను. తీశాక సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. కిటికీ దగ్గరి గాడిలో దిమ్మను కూర్చోబెట్టి, వంగి చూశాను. ఎండకూ మంచుకూ దెబ్బకూ ఓర్చి, ప్లస్ గుర్తు మేకు తల మీదే ఉంది. చూసి, ఏమీ చెప్పకుండా, అలవాటు కొద్దీ పక్కకు జరిగి నిలబడ్డాను.