ఓబులేసు బండికి ఏ గ్యాస్కెట్?

లద్దాఖ్ పోస్టులో దిగినప్పుడు సెప్టెంబరు. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. కిట్ బ్యాగు కింద పెట్టేసరికే ఆయాసం వచ్చేసింది. నేను వెహికల్ మెకానిక్‌ని, మాది కోడుమూరు. బంకరులోంచి ఒక గొంతు వినపడింది. "ఏమప్పా, కర్నూలు తట్టోనివా? మెల్లగా నడువు. ఈడ ఉరికితే సస్తావు." వాడే ఓబులేసు, రేడియో ఆపరేటరు, బనగానపల్లె వాడు. అంత దూరంలో మన మాట వినపడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమెందుకు చెప్పాలి?

యూనిట్‌లో ఒక ముసలి మోటార్ సైకిల్ ఉండేది. ఒకప్పుడు పోస్టుల మధ్య కబుర్లు మోసిన బండి. యూనిట్ పండుగకు దాన్ని నడిపించాలని సుబేదార్ సాబ్ ఆర్డర్. ఇంజను విప్పితే, హెడ్డుకీ సిలిండరుకీ మధ్య ఉండే రాగి గ్యాస్కెట్ కాలిపోయి ఉంది. స్టోరులో రెండు దొరికాయి. ఒకటి పల్చన, ఒకటి మందం. పల్చనిది వేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఎత్తులో గాలిలోనే పస ఉండదు కాబట్టి అదే వేశాం. ఓబులేసు తిమ్మిరెక్కిన చేతులతో బోల్టులు అందించాడు. బండి నిట్టనిలువు దారి ఎక్కేసింది. "మా నాయన బండీ ఇదే రకం. దానికీ పల్చందే ఏపిస్తా సూడు!" అని గంతులేశాడు.

ఆ చలికాలంలో మా గస్తీ జట్టు మీద మంచు చరియ విరిగిపడింది. నలుగురు దాని కింద ఉండిపోయారు. రేడియో సెట్టు ముందు కూర్చున్నది ఓబులేసే. "వినపడుతోందా? జవాబివ్వండి." అదే మాట, మళ్లీ మళ్లీ. జవాబు రాలేదు. సుబేదార్ సాబ్ వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా వాడు మైకు వదల్లేదు.

తర్వాత ఇద్దరం పెన్షన్ మీద ఇళ్లకు వచ్చాం. నేను కోడుమూరులో షెడ్డు పెట్టుకున్నాను. ఒక మే నెలలో ఓబులేసు భార్య లక్ష్మీదేవి ఫోన్ చేసింది. "అన్నా, ఆయప్ప వాకిలి దాటడం లేదు. ఎవరితోనూ మాట్లాడడు. వాళ్ల నాయన బండి ఇంజను ఇప్పి అరుగు మీద పెట్టుకోనుండాడు. నువ్వొకసారి రా అన్నా." పానాలు, రెండు రకాల గ్యాస్కెట్లు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఓబులేసు సగమైపోయాడు. నేను సంచి విప్పకముందే "పల్చందే" అన్నాడు.

"తిక్కా నీకు? ఈ ఎండకు పల్చందేస్తే ఇంజను టకటకా కొట్టుకుంటాది. పిస్టను కాలిపోతాది. మందందే ఎయ్యాల."

"పల్చందే ఎయ్యప్పా. పైకెక్కాల గదా."

"యాడికెక్కాల?"

"వాళ్లు ఇంగా ఆడనే ఉండారు. నేనొక్కన్నే దిగొచ్చినా."

నాకు ఏడుపు ఆగలేదు. వాడి కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. అది చూసి నిజంగా భయపడ్డాను.

లక్ష్మీదేవి మజ్జిగ తెచ్చి మా ఇద్దరినీ చూసింది. "ఏం పంచాయితీ మీది? ఆ సిలిండరునన్నా నీడకు జరపండి, పొద్దున్నుంచి ఎండలో ఉండాది." ఓబులేసు దాన్ని ఎత్తబోయి "అబ్బా!" అని చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఇనుము కాలిపోతోంది. వేళ్లు ఊదుకుంటూ వాకిట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"స్టార్టే కాలేదు, అప్పుడే కాల్తాండాది. శానా ఎండ ఉండాది గదా ఈడ."

"మే నెల్లో మంచు పడతాదా మరి?" అంది లక్ష్మీదేవి.

వాడు నా వైపు చెయ్యి చాచాడు. "మందందే ఇయ్యి."

రాగి గ్యాస్కెట్ మెత్తబడి సందు లేకుండా కూర్చోవాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. "కూరొండే పొయ్యి మీదనా!" అని లక్ష్మీదేవి కేకలేసింది గానీ పట్టకారు తనే తెచ్చిచ్చింది. నాలుగు కిక్కులు కొట్టేసరికి ఇంజను అందుకుంది. నేను బోల్టులు మరోసారి బిగించి, చేతులు కడుక్కుని, వాళ్లింట్లోనే అన్నం తిన్నాను.

మర్నాడు తిరుగు ప్రయాణం. బస్సు ఊరు దాటాక పక్కన బండి చప్పుడు వినపడితే కిటికీలోంచి చూశాను. ఓబులేసు. వెనక లక్ష్మీదేవి, గుడికి. పైన లద్దాఖ్‌లో మాకు గట్టి ఆర్డర్ ఒకటి ఉండేది: ఒంటికి చెమట పట్టనివ్వొద్దు, గడ్డకట్టి ప్రాణం తీస్తుంది. వాడి చొక్కా వీపంతా చెమటకు తడిసి అంటుకుపోయింది. ఆ తడి మీద లక్ష్మీదేవి అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.